నలుపు పడటం లేదు, ఫోటోల్లో ముఖాలు ఆకుపచ్చగా వస్తున్నాయి: కొత్త కార్ట్రిడ్జ్ కొనేముందు ఒక తడి టిష్యూ

ముందు ఒక పని చేయండి. ఇంకోసారి ఆ క్లీనింగ్ బటన్ నొక్కకండి.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మీది రెండు కార్ట్రిడ్జ్‌ల ప్రింటర్. ఒకటి నలుపు, ఇంకొకటి మూడు రంగులది. వేసవి సెలవుల్లో రెండు నెలలు ముట్టుకోలేదు. బడులు తెరిచాక పాప ప్రాజెక్టు కోసం ఆన్ చేస్తే అక్షరాల మధ్య తెల్ల గీతలు వచ్చాయి, నాలుగు పేజీల తర్వాత నలుపు పడటమే మానేసింది. ఫోటోల్లో మనుషుల ముఖాలు ఆకుపచ్చగా తిరిగాయి. కంప్యూటర్ మాత్రం నలుపు సగానికి పైగా ఉందంటోంది. క్లీనింగ్ ఆరుసార్లు చేశారు, ఇప్పుడు రంగులది కూడా అయిపోవచ్చిందని హెచ్చరిక వస్తోంది. షాపులో రెండూ మార్చేయమన్నారు. మార్చాలా, వద్దా అన్నది మీ ప్రశ్న.

గుంటూరులో పంతొమ్మిదేళ్లుగా ప్రింటర్లు విప్పుతున్నాను. నా అంచనా ఇది: నలుపు కార్ట్రిడ్జ్ పోలేదు, మూతి ఎండిపోయింది. రంగుల దానిలో ఒక్క రంగు అయిపోయింది, లేదా ఆ ఒక్క రంగు నాజిళ్లు, అంటే ఇంక్ చిమ్మే సన్నటి రంధ్రాలు, మూసుకుపోయాయి. ఇవి రెండూ వేరువేరు జబ్బులు. రెండింటికీ కలిపి ఒకే మందు వేస్తూ పోవడం వల్ల కాస్తో కూస్తో ఉన్న ఇంక్ కూడా పోయింది. క్లీనింగ్ అంటే ప్రింటర్ లోపల ఏదో తుడుచుకుంటుందని చాలామంది అనుకుంటారు. తుడవడం కొంచెమే. ఎక్కువ పని ఇంక్‌ను బలంగా బయటికి లాగి పారబోయడం. ఆ ఇంక్ ప్రింటర్ అడుగున ఉన్న స్పాంజి లాంటి ప్యాడ్‌లోకి వెళ్తుంది. నలుపు కోసం మీరు నొక్కితే చాలా మోడళ్లలో రంగులు కూడా పారతాయి. ఆరుసార్లు నొక్కారంటే ఎంత పారిందో ఊహించుకోండి.

మోడల్ రాయలేదు గానీ, రెండే కార్ట్రిడ్జ్‌లు అన్నారు కాబట్టి హెచ్‌పీ డెస్క్‌జెట్ లేదా క్యానన్ పిక్స్మా చిన్న మోడల్ అయివుంటుంది. 803 అనో, 745-746 అనో పెట్టె మీద ఉంటుంది చూడండి. ఈ రకంలో మీ అదృష్టం ఏమిటంటే, ప్రింట్ చేసే హెడ్ కార్ట్రిడ్జ్‌కే అతికి ఉంటుంది. అంటే జబ్బు ఎక్కడుందో ఆ ముక్క చేతిలోకి వస్తుంది, కడగవచ్చు, చూడవచ్చు. ఎప్సన్ ప్రింటర్లలో అలా కాదు, హెడ్ ప్రింటర్‌లోనే స్థిరంగా ఉంటుంది. వాటి సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే కింద ఇద్దరు ట్యాంక్ ప్రింటర్ గురించి, అంటే సీసాతో ఇంక్ పోసుకునే రకం గురించి, అడిగారు.

ఈ హెడ్ ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెబితే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. కార్ట్రిడ్జ్ అడుగున బంగారు రంగులో సన్నటి పలక కనిపిస్తుంది. దానిమీద వెంట్రుక కంటే సన్నటి రంధ్రాలు వందల్లో ఉంటాయి. ఒక్కో రంధ్రం వెనక ఒక బుల్లి హీటర్. అది క్షణంలో వేడెక్కితే ఇంక్‌లో ఆవిరి బుడగ లేస్తుంది, ఆ బుడగ తోపుకి చుక్క బయటికి చిమ్ముతుంది. కనురెప్ప వేసేలోపు వేల చుక్కలు. 1977లో క్యానన్ ప్రయోగశాలలో వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున ఇంక్ సిరంజి సూదికి తగిలి ఇంక్ చిమ్మిందట, ఆలోచన అక్కడి నుంచి పుట్టిందని ఆ కంపెనీ వాళ్లే చెప్పుకుంటారు. హెచ్‌పీ వాళ్లు విడిగా ఇదే దారిలో వెళ్లి 1984లో థింక్‌జెట్ తెచ్చారు. నా బల్ల మీద కూడా రోజూ సోల్డరింగ్ ఐరన్, సిరంజి పక్కపక్కనే ఉంటాయి. నాకు మాత్రం చొక్కాలు పాడవడం తప్ప ఏ ఆలోచనా రాలేదు.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఆ హీటర్‌ను చల్లబరిచేది ఇంకే. ఇంక్ లేకుండా హీటర్ కాల్తూ ఉంటే అది మాడిపోతుంది. కాబట్టి ఏమీ పడటం లేదని పేజీ మీద పేజీ కొడుతూ పోతే, ఎండిన కార్ట్రిడ్జ్ కాస్తా చచ్చిన కార్ట్రిడ్జ్ అవుతుంది. ఎండినదాన్ని బతికించవచ్చు. మాడినదాన్ని ఎవరూ ఏమీ చేయలేరు.

ఇప్పుడు ఆ ఆకుపచ్చ ముఖాల సంగతి. ఇది నాకు ఇష్టమైన భాగం, ఎందుకంటే జబ్బు ఏమిటో కాగితమే చెప్పేస్తుంది. రంగుల కార్ట్రిడ్జ్‌లో మూడు గదులు ఉంటాయి: సయాన్ అనే ఆకాశనీలం, మెజెంటా అనే ముదురు గులాబీ, పసుపు. ఫోటోలోని రంగులన్నీ ఈ మూడింటి కలయికే. గులాబీ రాకపోతే మిగిలేది నీలం, పసుపు. ఆ రెండూ కలిస్తే ఆకుపచ్చ. అందుకే ముఖాలు అలా వచ్చాయి. అదే నీలం అయిపోయి ఉంటే అందరూ కుంకుమ పూసుకున్నట్టు ఎర్రగా, నారింజగా వచ్చేవారు, ఆకాశం బోసిపోయేది. పసుపు పోతే అంతా ఊదా రంగుకు తిరుగుతుంది, చెట్ల ఆకులు నీలంగా వస్తాయి. ఫోటో చూసి చెప్పడం అలవాటైతే ఏ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒకాయన పెళ్లి ఫోటో పట్టుకొచ్చి పెళ్లికూతురి చీర కెమెరాలో తప్పు పడిందని వాదించాడు. చీర ఎరుపు, ఫోటోలో వచ్చింది పసుపు. కెమెరా నిక్షేపంగా ఉంది, గులాబీ ఇంక్ నిండుకుంది.

కాబట్టి మీది గులాబీ సమస్య. అయిపోయిందా, మూసుకుందా అన్నది తేలాలి. దానికి ముందు నాజిల్ చెక్ పేజీ ఒక్కటి తీయండి. క్యానన్‌లో ప్రింటర్ సెట్టింగ్స్‌లో మెయింటెనెన్స్ అనేచోట ఉంటుంది. హెచ్‌పీలో డయాగ్నస్టిక్ పేజీ అనో, ప్రింట్ క్వాలిటీ రిపోర్ట్ అనో ఉంటుంది. ఆ పేజీలో రంగు పట్టీలు వస్తాయి. పట్టీలో అక్కడక్కడ సన్నటి గీతలు తెగి ఉంటే కొన్ని రంధ్రాలు మూసుకున్నాయని అర్థం. పట్టీ మొత్తానికి లేకపోతే ఆ గది ఖాళీ అయివుంటుంది, లేదా గాలి పట్టింది. పట్టీ మొదట ముదురుగా మొదలై పోనుపోను పలచబడితే ఇంక్ లోపల ఉంది గానీ కిందికి దిగడం లేదు.

ఇప్పుడు అసలు వైద్యం. సామాను పెద్దగా ఏం లేదు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్, నూగు రాలని టిష్యూలు, ఒక చిన్న పళ్లెం, పాత దినపత్రికలు, రంగు అంటినా బాధపడని బట్టలు. చేతి తొడుగులుంటే మంచిది, లేకపోతే మూడు రోజులు వేళ్లు నీలంగా ఉంటాయి, అంతే. కుళాయి నీళ్లు వద్దు. మన బోరు నీళ్లలో ఉప్పు సంగతి గీజర్ విప్పినవాళ్లకు తెలుసు, ఆ ఉప్పే ఆ సన్నటి రంధ్రాల్లో కూర్చుంటుంది.

ప్రింటర్ ఆన్‌లో ఉండగా మూత తెరవండి, కార్ట్రిడ్జ్‌లు మధ్యకు వచ్చి ఆగుతాయి. నలుపు తీయండి. దానిమీద రెండు చోట్ల వేలు పెట్టకూడదు. ఒకటి అడుగునున్న నాజిళ్ల పలక, రెండు పక్కనున్న రాగి చుక్కలు. డిస్టిల్డ్ వాటర్ గోరువెచ్చగా చేసుకోండి. చేయి పెడితే హాయిగా ఉండాలి, కాలకూడదు. టిష్యూని నాలుగు మడతలు వేసి పళ్లెంలో పెట్టి, అది తడిసేంత నీళ్లు పోయండి. కార్ట్రిడ్జ్‌ను దానిమీద నాజిళ్లు కిందికి ఉండేలా నిలబెట్టి అయిదు నిమిషాలు వదిలేయండి. రాగి చుక్కలున్న వైపు తడవకుండా చూసుకోవాలి. తర్వాత ఎత్తి, పొడి టిష్యూ మడత మీద మెల్లగా అద్దండి. రుద్దవద్దు. మనవాళ్లకు శుభ్రం అంటే రుద్దడమే, కానీ ఇక్కడ రుద్దితే నూగు రంధ్రాల్లోకి పోతుంది.

టిష్యూ మీద ఏం పడిందో చూడండి. నలుపు చిక్కగా, సన్నటి నిలువు చారలా పడితే పని అయిపోయినట్టే. బూడిద రంగు మరకలా పలచగా వ్యాపిస్తే ఇంకోసారి, ఈసారి పది నిమిషాలు. రెండు మూడు విడతలకు కూడా చార పడకపోతే, మడతపెట్టిన తడి టిష్యూ మీదే రాత్రంతా నిలబెట్టి, ఆరిపోకుండా పైన ఒక గిన్నె బోర్లించండి. పొద్దునకి మెత్తబడుతుంది. నా దగ్గరికి వచ్చిన ఎండిన నలుపుల్లో ఎక్కువ భాగం ఈ పద్ధతికే లేచి కూర్చున్నాయి. ఇంట్లో మిక్సీ కడిగినంత పని. దీనికి షాపుదాకా వెళ్లనక్కర్లేదని చెప్పి నా బేరం నేనే చెడగొట్టుకుంటున్నాను.

రంగుల కార్ట్రిడ్జ్‌కి కూడా ఇదే పరీక్ష చేయండి. పొడి టిష్యూ మీద అద్దినప్పుడు మూడు చారలు పక్కపక్కనే పడాలి. మీ విషయంలో నీలం, పసుపు పడి, గులాబీ చోటు ఖాళీగా ఉంటుందని నా ఊహ. తడి టిష్యూ వైద్యం తర్వాత గులాబీ కనిపిస్తే మూసుకున్నది తెరుచుకుంది. లేకపోతే ఆ గది ఖాళీ. అప్పుడు మాత్రమే రీఫిల్ గురించో కొత్తదాని గురించో ఆలోచించాలి. మూడు రంగులూ కలిసిపోయి బురదలా ఒకే మరక వస్తే కాస్త ఓపిక పట్టండి, శుభ్రమైన టిష్యూ మీద మళ్లీ మళ్లీ అద్దితే విడివిడిగా వస్తాయి. ఒక రంగు పక్క రంగు గదిలోకి పోయిన కార్ట్రిడ్జ్ అయితే ఎన్నిసార్లు అద్దినా పసుపు చారలో ఆకుపచ్చ తేలుతూనే ఉంటుంది. అది ఇక బాగుపడదు.

తిరిగి పెట్టాక క్లీనింగ్ ఒక్కసారి, నాజిల్ చెక్ ఒక్కసారి. మెరుగుంటే ఇంకొకసారి. మూడో దానికి కూడా మార్పు లేకపోతే ఆపేసి మర్నాడు చూడండి. తడిసిన ఇంక్ మెత్తబడటానికి, బుడగలు పైకి పోవడానికి సమయం కావాలి, దాన్ని బటన్ తొందరపెట్టలేదు.

పెట్టగానే కార్ట్రిడ్జ్ సమస్య అనో, కార్ట్రిడ్జ్ గుర్తించలేదనో వస్తే కంగారుపడకండి. క్యానన్ చిన్న మోడళ్లలో ఇది ఇ05 లాంటి కోడ్‌గా వస్తుంది. పదిలో ఎనిమిదిసార్లు నేను చూసిన కారణం రాగి చుక్కల మీద ఇంక్ మరక, లేదా వేలి జిడ్డు. మొబైల్ రిపేరు షాపుల్లో ఐపీఏ అని చిన్న సీసాల్లో అమ్ముతారు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. అది బట్టకు కొద్దిగా అద్ది కార్ట్రిడ్జ్ చుక్కల్ని, ప్రింటర్ లోపల వాటికి ఎదురుగా ఉన్న స్ప్రింగ్ పిన్నుల్ని మెల్లగా తుడవండి. పిన్నులు తుడిచేముందు ప్రింటర్ ప్లగ్ తీసేయండి. పూర్తిగా ఆరనిచ్చి పెట్టండి. టక్ అని శబ్దం వచ్చేదాకా నొక్కాలి. నలుపు చోట రంగుది, రంగు చోట నలుపుది పెట్టి ఫోన్ చేసినవాళ్లు కూడా ఉన్నారు, నవ్వకండి, పెట్టె మీద గుర్తు చూడకుండా పెడితే ఎవరికైనా జరుగుతుంది.

కొత్త కార్ట్రిడ్జ్ కొన్నవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. నాజిళ్ల మీద సన్నటి ప్లాస్టిక్ టేపు ఉంటుంది, దానికి లాగడానికి ఒక తోక ఉంటుంది. అది తీయకుండా పెడితే ఒక్క చుక్క పడదు. అది తెలిసినవాళ్లలో కొందరు అత్యుత్సాహంతో టేపుతో పాటు కింద ఉన్న రాగి పొరను కూడా ఊడబీకుతారు. ఆ రాగి పొర హెడ్‌కు వెళ్లే తీగలు. ఒకసారి ఒక పెద్దాయన రెండు కొత్త కార్ట్రిడ్జ్‌లకూ ఆ పొర శ్రద్ధగా ఒలిచి, ఒలిచిన ముక్కల్ని జాగ్రత్తగా కవర్లో పెట్టి మరీ తెచ్చాడు. ఏం చెప్పాలో తెలియక టీ తెప్పించాను.

తుడిచినా, తీసి పెట్టినా సందేశం పోకపోతే, ఏ కార్ట్రిడ్జ్‌ది తప్పో తేల్చాలి. హెచ్‌పీ డెస్క్‌జెట్‌లలో చాలావాటిలో ఒకటి తీసేసి ఇంకోదానితో ప్రింట్ తీయవచ్చు. నలుపు తీస్తే సందేశం పోయిందంటే నలుపుదే తప్పు. ఈ ఏర్పాటు అత్యవసరానికి కూడా పనికొస్తుంది. మీ పాప ప్రాజెక్టు రేపే ఇవ్వాలంటే నలుపు తీసేసి రంగులదానితో అక్షరాలు కొట్టించవచ్చు, నలుపు కాస్త గోధుమగానో పచ్చగానో వస్తుంది, టీచరు ఏమీ అనరు. మీకు గులాబీ లేదు కాబట్టి ఆకుపచ్చ నలుపు వస్తుంది, అదొక్కటే చిక్కు. క్యానన్‌లో అయితే రెండూ లోపలే ఉంచి, ప్రింటర్ సెట్టింగ్స్‌లో రంగులది మాత్రమే, లేదా నలుపు మాత్రమే అని ఎంచుకోవాలి. తీసేస్తే పనిచేయదు.

ఇంక్ ఎంత ఉందో చూపించే ఆ బొమ్మను ఎంత నమ్మాలి? నేనైతే పెట్రోలు ముల్లు పాడైన స్కూటర్‌ను నమ్మినంత నమ్ముతాను. మీ రకం కార్ట్రిడ్జ్‌లో ఇంక్‌ను కొలిచే సాధనం ఏదీ లోపల లేదు. ఇన్ని చుక్కలు వదిలాను, కాబట్టి ఇంత మిగిలివుండాలి అని లెక్క కట్టడమే. రెండు నెలల్లో ఆవిరైపోయింది ఆ లెక్కలోకి రాదు. అందుకే సగం ఉందంటూనే మీకు నలుపు పడలేదు. దీనికి వ్యతిరేకంగా కూడా జరుగుతుంది: అయిపోయిందని హెచ్చరిక వచ్చాక ఇంకా ముప్పై నలభై పేజీలు హాయిగా వస్తాయి. హెచ్‌పీలో ఆ సందేశానికి సరే అని నొక్కి కొనసాగవచ్చు. క్యానన్‌లో ఇ13 లేదా ఇ16 వస్తే స్టాప్ బటన్‌ను అయిదు సెకన్లకు పైగా నొక్కి పట్టుకోండి, ఆ కార్ట్రిడ్జ్‌కి లెక్క చూడటం మానేసి ప్రింట్ ఇస్తుంది. కాకపోతే ఆ తర్వాత చూసుకునే బాధ్యత మీదే. అక్షరాలు వెలవెలబోవడం మొదలవ్వగానే ఆపాలి. హీటర్ మాడటం గురించి పైన చెప్పింది ఇందుకే.

రీఫిల్ మాట. చవక ప్రింటర్లలో రెండు కార్ట్రిడ్జ్‌లూ కలిపి కొంటే ప్రింటర్ ధర గుర్తొచ్చి గుండె చివుక్కుమంటుంది, కాబట్టి రీఫిల్ వద్దని నేను అనను. కానీ పూర్తిగా ఎండి, మూలన పడేసిన కార్ట్రిడ్జ్‌ను నింపమని తెస్తే వద్దంటాను. ఇంకా కాస్త తడి ఉండగానే నింపాలి. మీ గులాబీ నిజంగా ఖాళీ అయితే, నీలం, పసుపు బాగా పడుతూ ఉంటే, అది నింపడానికి తగిన కార్ట్రిడ్జే. పైన స్టిక్కర్ తీస్తే చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. ఏ రంధ్రం ఏ రంగుదో ఇంటర్నెట్‌లో బొమ్మ చూసి నమ్మవద్దు, మోడల్‌ను బట్టి మారుతుంది. అగరుబత్తి పుల్ల శుభ్రంగా గీకి రంధ్రంలోకి దించి తీస్తే కొనకు రంగు అంటుతుంది. ఖాళీ గది అయినా స్పాంజిలో కాస్త మరక ఉంటుంది. ఒక్కో రంగుకు ఒక్కో సిరంజి, ఒక్కో సూది. చిన్న కార్ట్రిడ్జ్‌లో నలుపుకు మూడు నాలుగు మిల్లీలీటర్లు, రంగుల గదికి ఒకటి, ఒకటిన్నర దాటి నేను ఎక్కించను. పసిబిడ్డకు మందు పోసినంత నిదానంగా ఎక్కించాలి. తొందరపడితే స్పాంజిలో బుడగలు చిక్కుకుంటాయి, ఇంక్ నిండుగా ఉన్నా కిందికి దిగదు. రంధ్రం పైకి ఉబికి వస్తే ఎక్కువైందని అర్థం, కాస్త వెనక్కి లాగేయాలి. స్టిక్కర్ తిరిగి అంటించేటప్పుడు గాలి బొత్తిగా ఆడకుండా బిగించకండి. గాలి లోపలికి పోకపోతే ఇంక్ బయటికి రాదు, పాలప్యాకెట్‌కు ఒకటే చిల్లు పెట్టినట్టు.

ఏ ఇంక్ అన్నది చాలామంది పట్టించుకోరు. ఇంక్‌లు రెండు రకాలు. డై ఇంక్ నీళ్లలో పంచదారలా కరిగి ఉంటుంది. పిగ్మెంట్ ఇంక్ నీళ్లలో పసుపు కలిపినట్టు, సన్నటి పొడి తేలుతూ ఉంటుంది. రెండు కార్ట్రిడ్జ్‌ల ప్రింటర్లలో చాలావాటికి నలుపు పిగ్మెంట్, రంగులు డై. అందుకే ఎండితే నలుపు ముందు గడ్డకడుతుంది. ఏ రకమో తెలియకపోతే ప్రింటు ఆరాక తడి వేలితో అక్షరాన్ని రుద్ది చూడండి. పాకితే డై, నిలబడితే పిగ్మెంట్. హాల్ టికెట్ మీద వాన చుక్క పడి ఫోటో కారిపోయిందని ఏడ్చిన పిల్లల్ని చూశాను, అది డై ఇంక్ మహిమ. అన్ని ప్రింటర్లకూ ఒకటే అని అమ్మే సీసాల్లో సాధారణంగా ఉండేది డై. పిగ్మెంట్ నలుపు ఉన్నదాంట్లో అది పోస్తే అక్షరాల అంచులు కాగితంలోకి పాకుతాయి, కొన్నిసార్లు రెండూ కలిసి విరిగిన పాలలా అవుతాయి. పెట్టె మీద మీ కార్ట్రిడ్జ్ నంబరు రాసి ఉన్న సీసా కొనండి.

రీఫిల్ చేసినా, వేరే కంపెనీ కార్ట్రిడ్జ్ పెట్టినా కొన్ని ప్రింటర్లు ఒప్పుకోవు. 2016 సెప్టెంబరు 13న హెచ్‌పీ ఆఫీస్‌జెట్ మోడళ్లు కొన్ని ఉన్నట్టుండి బయటి చిప్ ఉన్న కార్ట్రిడ్జ్‌లను తిరస్కరించాయి, ప్రపంచమంతా గోల అయింది. ప్రింటర్‌లోని సాఫ్ట్‌వేరే అలా మారింది. ఇంకొకటి, హెచ్‌పీలో ఉండే కార్ట్రిడ్జ్ ప్రొటెక్షన్ అనే సెట్టింగ్. అది ఆన్‌లో ఉంటే కార్ట్రిడ్జ్ ఆ ఒక్క ప్రింటర్‌కే కట్టుబడుతుంది. మీ బంధువుల ఇంట్లో పనిచేసినది మీ ఇంట్లో పనిచేయకపోవచ్చు. పాత కార్ట్రిడ్జ్ అరువు తెచ్చుకుని పరీక్షిద్దాం అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

అసలు ఇది ఎందుకు జరిగింది? మీరు రాసినదాంట్లో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: 'వాడిన తర్వాత స్విచ్ కట్టేస్తాం, కరెంటు వృథా చేయం.' అక్కడే ఉంది కిటుకు. ప్రింటర్ మీదున్న బటన్‌తో ఆపితే కార్ట్రిడ్జ్‌లు కుడివైపు చివరికి వెళ్లి, అక్కడ రబ్బరు మూతల మీద కూర్చుంటాయి. ఆ మూత గాలి తగలనివ్వదు. గోడ స్విచ్ కట్టేస్తే ఎక్కడున్నవి అక్కడే ఆగిపోవచ్చు, మూతి తెరుచుకుని. ఖాళీగా ఉన్నప్పుడు అవి మామూలుగా మూత మీదే ఉంటాయి, కానీ ప్రింట్ అయిన వెంటనే కట్టేస్తేనో, మధ్యలో కరెంటు పోతేనో ఉండవు. కరెంటు పోయినప్పుడు తిరిగి రాగానే ఒకసారి ఆన్ చేసి, బటన్‌తో ఆపండి. రోహిణి కార్తె ఎండల్లో మూత లేని పెన్ను వారానికే ఎండుతుంది, ఇక రెండు నెలలంటే చెప్పేదేముంది. బటన్‌తో ఆపి, లైటు పూర్తిగా ఆరాక గోడ స్విచ్ కట్టేసుకోండి, అభ్యంతరం లేదు.

మీసేవ కేంద్రాల్లో, జిరాక్స్ షాపుల్లో ఇంక్‌జెట్‌లు పొద్దస్తమానం తిరుగుతాయి, అవి ఎండిపోయిందని నా దగ్గరికి రావు. వచ్చేవన్నీ ఇళ్లలోవే, అదీ హాల్ టికెట్ల కాలంలోనూ, బడులు తెరిచే జూన్‌లోనూ. వారానికి ఒక పేజీ చాలు, కానీ ఆ పేజీలో నాలుగు రంగులూ ఉండాలి. నలుపు అక్షరాలే కొడుతూ ఉంటే రంగులు పక్కనే కూర్చుని ఎండుతాయి. నేను ఒక పేజీలో నలుపు, నీలం, గులాబీ, పసుపు పట్టీలు నాలుగు గీసి ఫైల్ చేసి ఇస్తాను. కొందరు ఆదివారం పూట కొడతారు. మిగతావాళ్లు జూన్‌లో మళ్లీ వస్తారు.

ట్యాంక్ ప్రింటర్ అడిగినవాళ్లకు. ఎప్సన్ ఎల్3110, ఎల్3250 లాంటివాటిలో హెడ్ చేతికి రాదు, కాబట్టి తడి టిష్యూ వైద్యం కుదరదు. ఆ హెడ్‌లో హీటర్ కూడా లేదు. కరెంటు తగిలితే వంగే పియెజో పలక ఇంక్‌ను నెడుతుంది. నాజిల్ చెక్, క్లీనింగ్ మూడుసార్లు చేసి, ఫలితం లేకపోతే కనీసం పన్నెండు గంటలు వదిలేసి మళ్లీ చూడండి. గొట్టాల్లోని ఇంక్ అంతా పారబోసే పవర్ క్లీనింగ్ అనేది ఆఖరి అస్త్రం. దానికి ముందు ప్రతి ట్యాంక్‌లోనూ కనీసం మూడో వంతు ఇంక్ ఉండాలి, లేకపోతే గొట్టాల్లోకి గాలి లాక్కుని ఉన్న జబ్బుకు కొత్త జబ్బు తోడవుతుంది. ట్యాంక్ కింది గీత దాకా ఎప్పుడూ రానివ్వకండి. క్యానన్ జీ సిరీస్, హెచ్‌పీ ఇంక్ ట్యాంక్‌లలో హెడ్‌లు విడిగా మార్చుకోవచ్చు, అది కొంత నయం. ఇక క్యానన్‌లో 5బీ00 అని గానీ, ఇంక్ ప్యాడ్ నిండిందని గానీ వస్తే అది కార్ట్రిడ్జ్ గొడవ కాదు. పారబోసిన ఇంక్ పీల్చే ప్యాడ్ నిండింది. ఊరికే లెక్కను సున్నా చేసిచ్చే సాఫ్ట్‌వేర్లు దొరుకుతాయి గానీ, ప్యాడ్ మార్చకుండా లెక్క మాత్రం మారిస్తే ఒకరోజు బల్ల మీద ఇంక్ మడుగు కడుతుంది.

మళ్లీ మీ దగ్గరికి. తడి టిష్యూకి నలుపు లేవకపోతే, రెండు రాత్రులు చూసి వదిలేయండి, నలుపు ఒక్కటే కొత్తది కొనండి. షాపువాళ్లు రెండూ కొనమంటే రంగులది టిష్యూ పరీక్ష అయ్యాక చెబుతానని చెప్పండి. గులాబీ గది ఖాళీ అని తేలి, ఇంట్లో సిరంజి పట్టుకునే ఓపిక లేకపోతే, పాప నోట్సుకు నలుపు చాలు కదా, సెట్టింగ్స్‌లో గ్రేస్కేల్, నలుపు ఇంక్ మాత్రమే అని పెట్టి కొన్నాళ్లు నడపవచ్చు. రంగుల కార్ట్రిడ్జ్‌ని మాత్రం తీసి బీరువాలో దాచకండి, బయట గాలికి ఇంకా త్వరగా ఎండుతుంది, ఉన్నచోటే ఉంచండి.

ఈ రాత్రి పడుకునేముందు రెండింటినీ టిష్యూ మీద అద్ది, పడిన చారల ఫోటో ఇక్కడ పెట్టండి. పగటి వెలుగులో తీస్తే మంచిది, ట్యూబ్‌లైటు కింద గులాబీ, ఎరుపు ఒకటే అనిపిస్తాయి. కార్ట్రిడ్జ్ నంబరు కూడా రాయండి.